సెలవు నాడు మూసిన గ్రంథాలయం ఎవరి కోసం?

వరుసగా మూడు రోజులు సెలవులు వస్తే నగరం ఒక్కసారిగా తేలికపడుతుంది. వెళ్లగలిగినవారు వెళ్లిపోతారు, మిగిలినవారికి హారన్ల మోత లేని ఉదయం, తొందర లేని వంట, ఎప్పటి నుంచో సగంలో ఆగిన పుస్తకం దక్కుతాయి. మొన్నటి సెలవుల్లో పొయ్యి మీద గిన్నెను సన్నని సెగన పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని చదువుతూ కూర్చున్నాను. ఒకసారి కలపడం, రెండు పేజీలు చదవడం. కథ బిగువెక్కిన చోట గరిటె సంగతి మరిచాను, కూర అడుగంటింది. దానికి విచారించలేదు. విచారించవలసి వచ్చింది సాయంత్రం, రెండో సంపుటం కోసం గ్రంథాలయానికి వెళ్లి తాళం చూసినప్పుడు. ఎదురుగా ఉన్న తినుబండారాల దుకాణాలన్నీ కిటకిటలాడుతున్నాయి.

ఉద్యోగాలు చేసుకునేవారికి తీరిక దొరికే రోజున మూసివేసి, వారు పనిలో ఉండే వేళల్లో తెరిచి ఉంచే గ్రంథాలయం తన పాఠకులను తానే దూరం చేసుకుంటోంది. ఆ తరువాత జనం చదవడం మానేశారని వాపోవడం అన్యాయం.

సెలవు విలువ వ్యాపారికి ఎప్పుడో తెలిసింది. 1926లో తన కర్మాగారాల్లో వారానికి ఐదు రోజుల పనిని ప్రవేశపెట్టిన హెన్రీ ఫోర్డ్, తీరిక పెరిగిన మనుషులకు మరిన్ని బట్టలు, మరిన్ని రకాల ఆహారం, మరిన్ని ప్రయాణ సాధనాలు అవసరమవుతాయని బాహాటంగానే వాదించాడు. ఆ లెక్క తప్పలేదు. సెలవు నాడు మనం తినడం ఎక్కువై చదవడం తక్కువైందంటే, అందులో మన అభిరుచి దోషం కన్నా తెరిచి ఉన్న తలుపుల పాత్రే పెద్దది.

ఈ తగాదా కొత్తదేమీ కాదు. ఆదివారం మ్యూజియంలు తెరవాలంటూ 1855లో లండన్‌లో ఒక సంఘమే ఏర్పడింది. మద్యశాలలు తెరిచి ఉండగా మ్యూజియంలు మూసి ఉండటం ఏం న్యాయమన్నది ఆ ఉద్యమకారుల సూటి ప్రశ్న. మతాచారం పేరిట వచ్చిన ప్రతిఘటనను దాటుకుని బ్రిటిష్ మ్యూజియం ఆదివారం తలుపులు తెరవడానికి 1896 దాకా పట్టింది. గ్రంథాలయ శాస్త్రానికి 1931లో ఐదు సూత్రాలు అందించిన ఎస్.ఆర్. రంగనాథన్, ‘పుస్తకాలు ఉపయోగించడానికే’ అన్న మొదటి సూత్రాన్ని వివరిస్తూ, ఒకప్పుడు పుస్తకాలను గొలుసులతో కట్టి ఉంచిన రోజులను గుర్తుచేసి, గ్రంథాలయం పని వేళలను కూడా అదే సూత్రం కింద చర్చించారు. గొలుసు పుస్తకానికి వేసినా, తాళం గేటుకు వేసినా పాఠకుడికి తేడా ఏముంది?

గ్రంథాలయ సిబ్బందికి మాత్రం సెలవు అక్కరలేదా అని అడుగుతారు. తప్పకుండా కావాలి, అదీ పూర్తి వేతనంతో. ఆసుపత్రులు, బస్సులు, రైళ్లు వంతుల పద్ధతిలో నడుస్తున్నాయి. అనేక మ్యూజియంలు వారాంతంలో తెరిచి సోమవారం మూస్తున్నాయి. దానికి కావలసిన అదనపు ఉద్యోగాలు ఇవ్వకుండా ఉన్నవారి అలసటను సాకుగా చూపడం పాలకులకు సులువైన దారి.

అసలు విషయం ఇంకా లోతైనది. ఏదీ కొనకుండా గంటసేపు కూర్చోగలిగే చోటు నగరంలో నానాటికీ అరుదవుతోంది. ఇంట్లో ప్రత్యేకమైన గది, అలమర నిండా పుస్తకాలు ఉన్నవారికి సెలవు నాటి నిశ్శబ్దం ఇంటికే వస్తుంది. ఒకే గదిలో నలుగురు ఉండేవారు దానిని వెతుక్కుంటూ బయటికి వెళ్లాలి. వారికి ఒక బల్ల, ఒక దీపం, తాగడానికి నీళ్లు, రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉండే తలుపు చాలు. అంతగా తప్పదంటే బుధవారం మూసుకోవచ్చు. ఆ రోజు మేమంతా పనిలోనే ఉంటాం.