ప్రపంచ సమస్యల పాఠానికి ఒక్క ఉద్దానం చాలు

ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు ఎన్ని అని డిగ్రీ విద్యార్థిని అడిగితే 17 అని తడుముకోకుండా చెబుతారు. వాటి కింద 169 ఉపలక్ష్యాలు ఉన్నాయని కూడా కొందరికి తెలుసు. ఆరో లక్ష్యమైన సురక్షిత నీరు మీ ఊరి ట్యాంకు దగ్గర నెరవేరిందో లేదో ఎలా తేలుస్తారని అడిగితే మాత్రం జవాబు రాదు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ఈ వారం వాతావరణ మార్పు, పై వారం అంటువ్యాధులు, ఆ పై వారం వలసలు అన్నట్టు సాగే కోర్సులో ఏ సమస్యా తరగతి గదిలో కుదురుగా నిలవదు.

ఈ చదువుకు మన దగ్గర వేసిన పునాది గట్టిదే. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్ల పర్యావరణ విద్య డిగ్రీలో తప్పనిసరి పాఠమైంది. యూజీసీ రూపొందించిన సిలబస్‌లో 8 యూనిట్లు, 50 పీరియడ్లు. రాత పరీక్షకు 75 మార్కులు, క్షేత్ర పరిశీలనకు 25. ఎనిమిదో యూనిట్ అంతా బయట తిరిగి నేర్చుకోవాల్సిందే, దానికి 5 పీరియడ్లు కేటాయించారు. ఆ ఐదింటి దగ్గరే చదువు జారిపోయింది. చాలా కాలేజీల్లో ఆ 25 మార్కులు సీనియర్ల రికార్డు చూసి దించిన ప్రాజెక్టుకు పడుతున్నాయి. ఈ పాఠం చెప్పే పని కూడా ఆ ఏడాది ఏ అధ్యాపకుడికి పీరియడ్లు తక్కువుంటే వారి నెత్తిన పడుతుంది. 2023లో యూజీసీ ఇచ్చిన కొత్త మార్గదర్శకాలు ఈ పాఠానికి కనీసం 4 క్రెడిట్లు అంటున్నాయి. ఆ సమయాన్ని మరిన్ని అంశాలతో నింపేకంటే సెమిస్టరంతా ఒకే సమస్యకు ఇవ్వడం మేలు. అదీ నిపుణులు ఇంకా తేల్చని సమస్య అయితే మరీ మంచిది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అలాంటిదే. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల నడుమ ఏళ్ల తరబడి కిడ్నీలు పాడవుతున్నాయి. షుగరు, బీపీ లేనివారికీ ఈ జబ్బు వస్తోంది. కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. ఇదే తీరు జబ్బు శ్రీలంకలో అనురాధపుర, పొలొన్నరువ వరి రైతుల్లోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లోనూ ఉంది. ఎండ, నీరు, పురుగుమందులు, కూలి పని, ప్రభుత్వ విధానం అన్నీ ఒకే జబ్బు చుట్టూ ముడిపడ్డాయి. ప్రపంచ సమస్య అంటే ఏమిటో ఇంతకంటే బాగా చూపించే పాఠం మరొకటి దొరకడం కష్టం.

మొదటి మూడు వారాలు పోల్చి చదవడానికి కేటాయించాలి. ఎల్ సాల్వడార్‌లో జరిగిన ఒక పరిశీలనలో సముద్ర తీరపు పల్లపు ఊళ్లలో చెరకు పని చేసేవారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) ఎక్కువగా కనిపించింది. 500 మీటర్ల ఎత్తుకు పైనున్న ఊరి చెరకు కూలీల్లో అది కనిపించలేదు. పంట ఒకటే, ఎండ తీవ్రత వేరు. ఇది చదివిన విద్యార్థి వేడే కారణమని వెంటనే రాసేస్తాడు. అప్పుడు శ్రీలంక పటం ముందు పెట్టాలి. అంతే ఎండ కాసే ఉత్తరాది జాఫ్నా వైపు ఈ జబ్బు అంతగా లేదు. రెండు నిజాలూ ఒకే వివరణలో ఇమడవు. ఆ ఇబ్బందిలో తరగతి కనీసం రెండు పీరియడ్లు ఉండాలి. అధ్యాపకుడు తొందరపడి జవాబు చెప్పేస్తే అక్కడితో పాఠం ముగిసిపోయినట్టే.

తర్వాత కొలతలు. పని చోట వేడిని లెక్కకట్టడానికి తడి వత్తి థర్మామీటరు (బల్బుకు తడిపిన గుడ్డ చుట్టినది), నల్లగోళం థర్మామీటరు (ఎండ వేడిని పట్టే నల్లటి గోళంలో పెట్టినది), మామూలు థర్మామీటరు కావాలి. తడి రీడింగ్‌లో 0.7, గోళంలో 0.2, మామూలు దానిలో 0.1 వంతు కలపాలి. తడి 28, గోళం 45, మామూలు 35 డిగ్రీలైతే లెక్క 32.1 వస్తుంది. ఎండకు అలవాటుపడ్డవారు బరువు పని చేయడానికి అంతర్జాతీయ ప్రమాణం సూచించే హద్దు 26. ఎక్కువగా తప్పు జరిగేది వత్తి దగ్గర. బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుని వత్తి నీరు పీల్చదు, రీడింగ్ ఉన్నదానికంటే పైకి పోతుంది. డిస్టిల్డ్ వాటరే వాడాలి. గోళం కుదురుకోవడానికి 20 నిమిషాలకు పైనే పడుతుంది. ఐదు నిమిషాల్లో రాసుకున్న అంకెను కొట్టేయాల్సిందే.

నీటి నమూనాలకు ఒకే సీసా సరిపోదు. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసా. లోహాలకు నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్ 2 లోపుకు దించిన సీసా. నైట్రేట్‌కు ఐసు పెట్టె. భారతీయ ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. నైట్రేట్ హద్దు 45.

రక్తం జోలికి మాత్రం డిగ్రీ విద్యార్థులు పోకూడదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, వైద్యుల పర్యవేక్షణ లేకుండా అది చేయదగిన పని కాదు. వైద్య లెక్కలను చదవడం నేర్పితే చాలు, అదే పెద్ద విద్య. ఒక్కసారి క్రియాటినిన్ ఎక్కువ వచ్చిందని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనరు; తేడా మూడు నెలలకు మించి నిలవాలి. ఈ తరహా జబ్బులో మూత్రంలో ప్రొటీన్ స్వల్పంగానే పోతుంది. అందుకే మూత్రంలో ముంచి రంగు చూసే పట్టీ పరీక్షతో ఊరంతా చూసి అంతా క్షేమం అనుకునే ప్రమాదం ఉంది. పగలు సర్వేకు వెళితే పనికి పోయిన మగవాళ్లు, వలస వెళ్లినవాళ్లు లెక్కలోకి రారు. వారే అందరికంటే ఎక్కువ ఎండలో ఉన్నవారు కావచ్చు.

విధానాన్ని తూచడమూ ఇక్కడే నేర్పవచ్చు. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి మంచినీరు తేవడానికి 700 కోట్ల రూపాయల పథకం కట్టారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కొత్త నీరు వచ్చాక రోగులు తగ్గారా అని రెండేళ్లకే అడిగితే అది తప్పు ప్రశ్న అవుతుంది. కిడ్నీ దెబ్బతినడానికి ఏళ్లు పడుతుంది, ఇరవై ఏళ్లు బోరు నీళ్లు తాగినవారి లెక్క రెండేళ్లలో మారదు. ఏ వయసువారిలో, ఎన్నేళ్లకు మార్పు కనిపించాలో విద్యార్థి ముందే రాసి పెట్టుకోవాలి. ఆ రాత లేకపోతే పథకం మంచిదనీ అనొచ్చు, వృథా అనీ అనొచ్చు.

ఐదుగురికో జట్టు, అందులో కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ వారు తలా ఒకరైనా ఉండాలి. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, ప్రతి జట్టునూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ అంకె కనిపిస్తే మీ వివరణ తప్పని ఒప్పుకుంటారు? ఇక నీటి పరీక్ష ఫలితాన్ని బోరు ఎవరిదో వారికి తెలుగులో రాసి ఇచ్చి, చదివి వినిపించి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఆ సంతకం లేని రికార్డుకు 25లో సగం మార్కులు కూడా వేయకూడదు.