కాపురం ఎవరి ఊళ్లో పెట్టాలి?

శుక్రవారం రాత్రి బెంగళూరులో హైదరాబాద్ బస్సు ఎక్కి, ఆదివారం రాత్రి అదే దారిన వెనక్కి బయలుదేరే ప్రేమికులు ఇవాళ మనందరికీ తెలిసినవాళ్లే. రెండు నగరాల మధ్య దాదాపు ఆరు వందల కిలోమీటర్ల దూరం ఉంది. 2023 సెప్టెంబరులో కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ రైలు వచ్చాక కూడా ఒక పూట మొత్తం ప్రయాణానికే పోతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగిన ప్రేమ చివరికి ఒక ఇంటికి చేరుతుంది. కొందరు పెళ్లి చేసుకుని చేరతారు, కొందరు పెళ్లికి ముందే కలిసి ఉందామనుకుని చేరతారు. రెండో పని తప్పా ఒప్పా అన్న చర్చ మన టీవీల్లో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్లు ఒకే ఇంట్లో ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లోనే నటి ఖుష్బూ కేసులో తేల్చింది కాబట్టి ఆ చర్చను నేను మళ్లీ తెరవను. ఆ హోరులో మరుగున పడిపోయిన ప్రశ్న మరొకటి ఉంది. ఇద్దరిలో ఊరు వదిలేది ఎవరు?

ఆ ప్రశ్నను ఎవరూ నోరు తెరిచి అడగకముందే దానికి జవాబు ఖాయమైపోతోంది. ఊరు వదిలి వచ్చిన మనిషి ఏమి పోగొట్టుకున్నదో లెక్క చూసుకోకుండా, ఆ లెక్కను కాగితం మీద పెట్టకుండా మొదలుపెట్టే ఇంటిని ఇద్దరి ఇల్లు అనడానికి వీల్లేదని నా వాదన.

మన భాషనే చూడండి. మగవాడు కాపురం పెడతాడు, ఆడది కాపురానికి వెళుతుంది. పెట్టేవాడికి చోటు ఎంచుకునే అధికారం ఉంటుంది, వెళ్లే మనిషికి ప్రయాణం మాత్రమే ఉంటుంది. స్త్రీకి పుట్టిల్లు, మెట్టినిల్లు అని రెండు ఇళ్లు చెబుతాం గానీ, ఆ రెండింటిలో ఏదీ ఆమె ఎంచుకున్న ఊళ్లో ఉండదు. ఈ మాటలు పాతబడ్డాయని ఎవరైనా అనుకుంటే 2020–21 శ్రామికశక్తి సర్వేలోని వలసల నివేదికను చూడాలి. దేశంలోని స్త్రీలలో 47.9 శాతం మంది ఉన్న ఊరు విడిచి వచ్చినవాళ్లే అయితే, పురుషులలో అలాంటివారు 10.7 శాతం. ఆ వలస వచ్చిన స్త్రీలలో 86.8 శాతం మంది పెళ్లి కారణంగానే ఊరు మారారు. ఈ దేశంలో అతి పెద్ద వలస ఉద్యోగం కోసమో కూలి కోసమో జరిగేది కాదు, కాపురం కోసం జరిగేది. దానిని వలస అని పిలవడానికి కూడా మనకు మనసు రాదు.

ప్రేమించి, దూరాన్ని ఓర్చుకుని, తమ నిర్ణయాలు తామే తీసుకుంటున్న జంటలు ఈ లెక్కకు బయట ఉంటారని చాలామంది నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. దూరంగా ఉన్నన్నాళ్లూ ఆ ఇద్దరూ నిజంగానే సమానులు. ఎవరి గది వారిది, ఎవరి జీతం వారిది, ఎవరి స్నేహితులు వారికి ఉన్నారు. ఒక వారం ఒకరు ప్రయాణం చేస్తే మరో వారం ఇంకొకరు చేస్తారు. వారిని బాధపెట్టిన ఆ దూరమే వారి మధ్య సమానత్వాన్ని కాపాడింది. కలిసి ఉండే ఇల్లు దొరికిన రోజున ఒకరి గది, ఒకరి ఊరు, చాలాసార్లు ఒకరి ఉద్యోగం రద్దవుతాయి. రెండోవారికి మారేది ఇంటి చిరునామా ఒక్కటే.

మా బంధువుల అమ్మాయి ఒకరు ఇలాగే రెండున్నరేళ్లు బెంగళూరు నుంచి తిరిగి, ఆ తర్వాత హైదరాబాద్‌కు మారింది. మూడు నెలల నోటీస్ పీరియడ్ అయ్యేదాకా ఆగి ఉద్యోగం వదిలింది, ఇక్కడ మరొకటి దొరకడానికి ఏడు నెలలు పట్టింది. ఇల్లు చూసినది అతను, అడ్వాన్స్ కట్టినది అతను, అగ్రిమెంటు మీద సంతకం పెట్టినదీ అతనే. కొత్త ఇంట్లో పాలు పొంగించినది మాత్రం ఆమె. ఆరు నెలల తర్వాత ఒకసారి నీళ్ల మోటారు గురించి ఆమె ఫోన్ చేస్తే, సారుతో మాట్లాడతానని ఇంటి ఓనరు చెప్పాడట. ఆ అబ్బాయి మంచివాడని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. అంతా సజావుగా, ప్రేమగానే జరిగింది. నన్ను కలవరపెట్టేది ఆ సజావుతనమే.

ఎక్కువ జీతం ఉన్నవారి ఊళ్లో స్థిరపడటం ఇంటికి లాభమే కదా అంటారు. కుటుంబ వలసల మీద ఆర్థికవేత్త జేకబ్ మిన్సర్ 1978లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ తర్కాన్ని విప్పి చూపించింది. మొత్తం కుటుంబానికి లాభం కలిగించే వలసలోనే ఒకరికి నష్టం ఉండవచ్చునని, ఆ మనిషి మరొకరి అవకాశానికి కట్టుబడి కదిలిన మనిషి అని ఆయన చెప్పాడు. దానికి కొనసాగింపును మనం మన ఇళ్లల్లోనే చూస్తున్నాం. తక్కువ జీతం కాబట్టి ఒకరు కదులుతారు, కదిలినందువల్ల వారి జీతం ఇంకా తగ్గుతుంది, తగ్గింది కాబట్టి రాబోయే మార్పులో కూడా కదలవలసింది వారేనని తేలుతుంది. భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్-4 వీసా మీద అమెరికాకు వెళ్లిన మన ఆడపిల్లలకు ఈ చక్రం ఎలా తిరుగుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవారికైనా పని చేసుకునే అనుమతి ఇచ్చిన నిబంధన 2015లో గానీ రాలేదు. అంతకు ముందు ఇంజనీరింగ్ పట్టాలతో వెళ్లి, ఉద్యోగం చేసే హక్కు లేక ఇంట్లో కూర్చున్నవారు ఎందరో.

కోర్టులు ఈ ప్రశ్నను మనకన్నా ముందే ఎదుర్కొన్నాయి. 1978లో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చిన స్వరాజ్ గార్గ్ కేసులో భార్య పంజాబ్‌లోని సునామ్‌లో టీచరు, పెళ్లికి ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ఆమె ఉద్యోగం అక్కడే. భర్త ఉద్యోగం ఢిల్లీలో. కాపురం ఎక్కడ పెట్టాలన్న మాట పెళ్లికి ముందు గానీ తర్వాత గానీ ఆ ఇద్దరూ అనుకోలేదు. ఆమె తన దగ్గరకు వచ్చి ఉండేలా ఆదేశించమని భర్త కోర్టుకు వెళ్లాడు. భర్త ఉన్నచోటే భార్య ఉండి తీరాలన్న నియమం హిందూ చట్టంలో ఎక్కడా లేదని, సమానులైన ఇద్దరిలో ఒకరి మాటకే ఎక్కువ తూకం వేయడం రాజ్యాంగానికి విరుద్ధమని జస్టిస్ దేశ్‌పాండే తీర్పునిచ్చారు. ఐదేళ్ల తర్వాత, 1983లో, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి మరో అడుగు వేశారు. నటి సరిత కేసులో, భార్యాభర్తల్లో విడిగా ఉంటున్నవారిని కోర్టు ఉత్తర్వుతో కాపురానికి రప్పించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌నే ఆయన రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. 1984లో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోకపోవడంతో సెక్షన్ నిలిచిపోయింది. అయినా మన హైకోర్టు ఆనాడు చూపిన తెగువను తెలుగువాళ్లం తగినంతగా గుర్తుపెట్టుకోలేదని నా బాధ.

పెళ్లి చేసుకోకుండా ఇల్లు మారిన అమ్మాయి స్థితి ఇంకా బలహీనం. 2005 గృహహింస చట్టం పెళ్లిలాంటి బంధంలో ఉన్న స్త్రీకి కూడా, ఆ ఇల్లు ఆమె పేరున లేకపోయినా, అందులో ఉండే హక్కు ఇచ్చింది. అయితే అలాంటి బంధం అనిపించుకోవాలంటే ఇద్దరూ చెప్పుకోదగినంత కాలం కలిసి ఉండి, లోకానికి భార్యాభర్తలుగా కనిపించి ఉండాలని 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు షరతులు పెట్టింది. ఉద్యోగం వదిలి, ఊరు వదిలి, చేతిలో డబ్బు తగ్గి, కొత్త నగరంలో ఒక్క స్నేహితురాలైనా లేని ఆ మొదటి నెలల్లోనే చట్టం ఆమెకు అందనంత దూరంలో ఉంటుంది. అమ్మాయి కోసం ఊరు మారిన అబ్బాయికైతే ఈ చట్టంలో చోటే లేదు, పైగా ఇరుగుపొరుగు నుంచి ఇల్లరికం అనే ఎత్తిపొడుపు కూడా పడుతుంది.

ఇల్లరికం అన్న మాట దగ్గరే నేను ఆగాలనుకుంటున్నాను, ఎందుకంటే నా వాదనకు అసలు బలం అక్కడ ఉంది. ఇవాళ ఎగతాళిగా వాడే ఈ మాట వెనుక, మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి కోర్టులు గుర్తించిన ఇల్లటం ఆచారం ఉంది. మన ప్రాంతంలో రెడ్డి, కమ్మ కుటుంబాల్లో, వ్యవసాయం చూసుకోవడానికి మనిషి అవసరమైన మామగారు ఒక యువకుడిని అల్లుడిగా తెచ్చి ఇంట్లో పెట్టుకునేవాడు. అతడు తన ఊరు విడిచి వస్తున్నాడు కాబట్టి, ఆస్తిలో వాటా ఇస్తానని ముందే ఒప్పందం చేసుకునేవారు. తర్వాత మామగారికి కొడుకు పుట్టినా ఇల్లటపుటల్లుడికి ఆ కొడుకుతో సమానంగా భాగం దక్కేది. అది దత్తత కాదు కాబట్టి, సొంత తండ్రి ఆస్తిలో అతడి హక్కు కూడా చెక్కుచెదరకుండా ఉండేది.

అంటే, కాపురం కోసం ఊరు మారిన మనిషికి ఏమి ఇవ్వాలో మన పెద్దలకు బాగా తెలుసు. కదిలిన మనిషి పోగొట్టుకుంటున్నాడని తెలుసు, దానికి మాట కాకుండా వాటా ఇవ్వాలని తెలుసు, వెనక వదిలి వచ్చిన ఇంట్లో హక్కు నిలవాలని కూడా తెలుసు. ఈ తెలివి అంతా ఆ మనిషి మగవాడైనప్పుడు పనిచేసింది. ఆడపిల్ల కదిలితే దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చి దేశానికే దారి చూపించిన ఎన్టీఆర్ ప్రభుత్వపు చట్టం కూడా, అది అమల్లోకి వచ్చిన 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టింది. కాపురానికి వెళ్లిపోయింది కాబట్టి ఆమె హక్కు పోయింది. ఆ అడ్డు 2005లో కేంద్ర చట్ట సవరణతో గానీ తొలగలేదు. ఒకే ప్రయాణం అల్లుడికి రెండు ఇళ్లలో వాటా తెచ్చిపెట్టి, కూతురికి ఉన్న ఒక్క ఇంటినీ దూరం చేసింది.

ప్రేమలో లెక్కలేమిటి, ఇవన్నీ రాసుకుంటే ఆ బంధంలో ఇంకేమి మిగులుతుంది అని అడిగేవారున్నారు. వారి మాటలో కొంత నిజం ఉంది. రోజూ ఎవరు ఎంత ఇచ్చారని చూసుకునే ఇంట్లో ఎవరూ సుఖంగా ఉండలేరు. అయితే లెక్క రాసుకోనంత మాత్రాన నష్టం జరగకుండా పోదు. అది ఒకరి మనసులో మూగగా పేరుకుని, ఏ పండక్కి ఎవరి ఊరు వెళ్లాలన్న చిన్న తగువులో అకస్మాత్తుగా బయటపడుతుంది. ఒకసారి కూర్చుని మాట్లాడుకుని తేల్చుకున్న లెక్క పదేళ్ల ఎత్తిపొడుపులను తప్పిస్తుంది.

చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. ఇల్లు చూడటం మొదలుపెట్టకముందే, ఇద్దరికీ చెందని మూడో ఊరిని కూడా లెక్కలోకి తీసుకుని ఊరి గురించి మాట్లాడుకోవాలి. ఒకరు కదలక తప్పకపోతే, ఉద్యోగం లేని నెలల్లో వారి ఖర్చు, వారు కట్టవలసిన అప్పుల వాయిదాలు, పీఎఫ్‌లో పడే లోటు ఇద్దరి బాధ్యత కావాలి, రెండోసారి కదిలే వంతు ఎవరిదో అప్పుడే అనుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా అద్దె అగ్రిమెంటు ఇద్దరి పేరునా ఉండాలి. మన నగరాల్లో దాన్ని సాధారణంగా పదకొండు నెలలకే రాసుకుంటారు. అది చిన్న కాగితమే అయినా గ్యాస్ ఆఫీసులాంటి చోట్ల ఫలానా మనిషి ఇక్కడ ఉంటున్నదని చెప్పేది అదే. దాని మీద పేరు లేని మనిషి ఆ ఊళ్లో ఒకరి ఇంటికి వచ్చిన చుట్టంగానే మిగిలిపోతుంది.

ఉద్యోగమిచ్చేవారి బాధ్యత కూడా చిన్నది కాదు. భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వోద్యోగులైతే వీలైనంతవరకూ ఒకే చోట వేయాలన్న విధానం కేంద్రంలో 1980ల నుంచీ ఉంది. అలాంటి విధానానికి గండి పడితే ఏమవుతుందో, తెలంగాణ ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయిస్తూ 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో తర్వాత, వేరు వేరు జిల్లాలకు పడిపోయిన టీచరు దంపతులు రోడ్డెక్కినప్పుడు అందరం చూశాం. బెంగళూరులోనూ హైదరాబాద్‌లోనూ ఆఫీసులున్న పెద్ద కంపెనీలు ఇలాంటి జంటల బదిలీ దరఖాస్తులకు ఒక గడువు, ఒక పద్ధతి పెట్టుకోలేకపోవడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు. మా బంధువుల అమ్మాయి పనిచేసిన సంస్థకు రెండు నగరాల్లోనూ శాఖలున్నాయి. ఆమె బదిలీ దరఖాస్తుకు నాలుగు నెలలు జవాబే రాలేదు, ఆ తర్వాతే ఆమె రాజీనామా చేసింది.

ఆ ఇంటి అగ్రిమెంటు గడువు ఈమధ్యే ముగిసింది. మళ్లీ రాసుకునేటప్పుడు తన పేరు పక్కన ఆమె పేరు కూడా చేర్చమని ఆ అబ్బాయే ఓనరును అడిగాడు. మీరున్నారు కదండీ, ఆవిడ పేరెందుకని ఆయన కాసేపు తటపటాయించి, చివరికి సరేనన్నాడు. ఒక స్టాంపు పేపరు, ఇద్దరు సాక్షుల సంతకాలతో పావుగంటలో పని అయిపోయింది. పోయిన నెల చిరునామా మార్పు కోసం ఆమె ఆ కాగితాన్నే పట్టుకెళ్లింది.