తిట్టును తిట్టులాగే రాయాలి

‘ముద్దాయి నన్ను కులం పేరుతో దూషించి, చంపుతానని బెదిరించినాడు.’ అట్రాసిటీ కేసుల ఎఫ్‌ఐఆర్‌లు తిరగేసిన వారికి ఈ వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది. స్టేషన్ రైటర్ చేతికి అలవాటైపోయిన వాక్యం అది. అన్న మాట ఏమిటో అందులో ఉండదు. ఎక్కడ అన్నాడో, ఎవరు విన్నారో ఉండదు. విచారణ రోజున ముద్దాయి తరఫు లాయరు ముందుగా అడిగేది ఆ మూడు సంగతులే.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది. అంతకు నాలుగేళ్ల ముందే కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. చట్టం అమల్లోకి వచ్చిన మరుసటి ఏడాది, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు సాక్ష్యాల్లో లోపాలున్నాయంటూ అందరినీ వదిలేసింది. ఎనిమిది శవాలున్న కేసే సాక్ష్యం దగ్గర తేలిపోతే, చెరువు గట్టు మీద తిట్టిన తిట్టు గతి ఏమిటి?

బహిరంగంగా కులం పేరుతో తిట్టడం ఈ చట్టంలోని సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) కిందికి వస్తుంది. శిక్ష ఆరు నెలల నుంచి అయిదేళ్లు. నలుగురికీ కనబడే చోట అనాలన్నది షరతు. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు అన్నది చాలదని 2020లో సుప్రీంకోర్టు ఒక ఉత్తరాఖండ్ కేసులో చెప్పింది. సొంత వాకిలే అయినా రోడ్డు మీదికి కనిపిస్తుంటే లెక్కలోకి వస్తుందని అంతకు ముందే, 2008లో చెప్పింది. కాబట్టి ఫిర్యాదులో ‘మా ఇంటి దగ్గర’ అంటే సరిపోదు. అరుగు మీదా, గేటు ముందా, లోపలి గదిలోనా అన్నది రాయించాలి. అప్పుడు అక్కడున్న బయటి మనుషుల పేర్లు రాయించాలి. తిట్టిన మాటను ఉన్నది ఉన్నట్టు, కులం పేరుతో సహా ఎక్కించాలి. నోట రాని మాట అని సిగ్గుపడితే నష్టపోయేది బాధితులే.

హత్య, అత్యాచారం వంటి పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకు లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్‌లో చూపులేని ఒక ఎస్సీ యువతిపై జరిగిన అత్యాచారం కేసులో 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు యావజ్జీవాన్ని ఖాయం చేస్తూనే, ఈ చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టేసింది. కులం కారణంగానే చేశాడని రుజువు లేదంది. ఆ నేరం పాత నిబంధన నాటిది. 2016 జనవరి 26న వచ్చిన సవరణ తర్వాత, బాధితుల కులం తెలిసి చేశాడంటే చాలు. ముందునుంచీ ఆ కుటుంబం తెలిసినవాడైతే కులం తెలుసనే కోర్టు భావించాలి, కాదని ముద్దాయే నిరూపించుకోవాలి. అందుకే ఎన్నేళ్ల పరిచయం, ఎవరి పొలంలో పని అన్న ముక్క మొదటి వాంగ్మూలంలోనే పడాలి.

నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక, సంతకం పెట్టించే ముందు చదివి వినిపించడం అధికారి విధి. ఇది మర్యాద కాదు, సెక్షన్ 4లో రాసి ఉన్న బాధ్యత. కావాలని ఎగ్గొట్టిన ఎస్సీ, ఎస్టీయేతర ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది జైలు. కేసు కట్టడానికి ప్రాథమిక విచారణ అక్కర్లేదని సెక్షన్ 18ఏ చెబుతోంది. ‘పెద్దమనుషులతో మాట్లాడుకుని రండి’ అని పంపేయడానికి చట్టంలో చోటే లేదు. ఎస్ఐ తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటుకు. 14566 హెల్ప్‌లైన్ కూడా ఉంది.

కేసు కట్టాక దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. అరవై రోజుల్లో చార్జిషీటు పడాలి. కుల ధ్రువీకరణ పత్రం తహసీల్దారు ఆఫీసులో ఆగి ఆ గడువు జారిపోతుంటుంది. ముందే తీసి పెట్టుకోవడం మేలు. తిట్టు వీడియో తీసిన ఫోన్ ఉంటే దాన్ని అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. వాట్సాప్‌లో చేతులు మారిన కాపీ కంటే అసలు ఫోన్‌కే కోర్టులో విలువ.

దొంగ కేసులు పెడుతున్నారనే వారికీ మా జవాబు ఇదే. మాట, చోటు, విన్నవారి పేర్లు ఉన్న ఫిర్యాదులో నిజమెంతో మొదటి వారంలోనే తేల్చుకోవచ్చు. గోడ మీద రాతలాంటి ‘కులం పేరుతో దూషించి’ అన్న ముక్కను ఎవరూ పరీక్షించలేరు.

రెండు తెలుగు రాష్ట్రాల డీజీపీలు చేయగల పని ఒకటుంది. ఈ కేసుల్లో అన్న మాట, చోటు, సాక్షులు అన్న మూడు గళ్లూ నిండకుండా ఎఫ్‌ఐఆర్ ముగించొద్దని స్టేషన్లకు మెమో పంపడం. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెటూ అక్కర్లేదు.