ఒక్క సిట్టింగ్‌లో కొల్లాజెన్ రాదండి

చర్మం యవ్వనంగా కనిపించడానికి చేసే ట్రీట్‌మెంట్ల మీద మీ ఆర్టికల్ బాగుంది కానీ అందులో "కత్తి లేదు, కుట్లు లేవు, ఒక్క సిట్టింగ్‌తో పదేళ్లు చిన్నగా కనిపిస్తారు" అన్న లైను చూసి ఊరుకోలేకపోయా. మైక్రోనీడ్లింగ్ (చర్మం మీద సన్నటి సూదులు గుచ్చడం) అయినా పీఆర్‌పీ (మన రక్తంలోని ప్లేట్‌లెట్లతో చేసేది) అయినా అసలు పని చేసేది మన ఒళ్లే కదా, సన్నటి సూదులతో కావాలనే చిన్న చిన్న గాయాలు చేస్తారు, అవి మానే క్రమంలో చర్మంలోని ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొత్త కొల్లాజెన్, అంటే చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రొటీన్ తయారుచేస్తాయి, దానికి నెలలు పడుతుంది, మర్నాడు అద్దంలో కనిపించే నిగారింపు చాలావరకు వాపే, అది దిగిపోగానే డబ్బులు దండగైపోయాయని బాధపడతారు పాపం.

పీఆర్‌పీలో మన రక్తమే తీసి సెంట్రిఫ్యూజ్ అనే మెషీన్‌లో గిర్రున తిప్పి ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగం వేరుచేసి వాడతారు. మన రక్తమేగా, భయమెందుకు అంటారు, మరి సూది సంగతి? అమెరికాలో న్యూమెక్సికోలో లైసెన్స్ లేని ఒక స్పాలో పీఆర్‌పీతో మైక్రోనీడ్లింగ్ ఫేషియల్ చేయించుకున్నవాళ్లకి హెచ్ఐవీ సోకిందని 2024లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీయే రిపోర్ట్ ఇచ్చింది. సూది సీల్ మీ కళ్ల ముందే విప్పమనండి, రక్తం తీసిన ట్యూబ్ మీద మీ పేరు ఉందో లేదో చూసుకోండి, మొహమాటపడొద్దు ప్లీజ్.

ఎక్సోజోమ్స్‌ని (కణాలు విడుదల చేసే అతి చిన్న తిత్తులు) ఆర్టికల్‌లో అంత పొగిడారు, ఇంజెక్షన్‌గా ఇవ్వడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అప్రూవ్ చేసిన ఎక్సోజోమ్ ప్రొడక్ట్ ఒక్కటీ లేదన్న మాట కూడా రాయాల్సింది. ఇంకోటి, చామనఛాయ, నల్లటి చర్మానికి లేజర్ల వేడితో నల్లమచ్చలు పడే ఛాన్స్ ఎక్కువ, ఆ సంగతి ముందే డెర్మటాలజిస్ట్‌తో మాట్లాడుకోవాలి. సన్‌స్క్రీన్ ఊసే లేదేంటండీ? కొత్తగా వచ్చే కొల్లాజెన్‌ని ఎండ మళ్లీ పాడుచేస్తూనే ఉంటుంది, అదొక్కటైనా ఆర్టికల్‌లో కలపండి.