పెద్దపేగు నివాసులకు ఒక వృద్ధుడి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పెద్దపేగు సూక్ష్మజీవుల సమాఖ్య వారి సముఖమునకు,

అరవై దాటిన ఒక గృహయజమాని నమస్కరించి వ్రాయునది. ఇన్నాళ్లూ మిమ్మల్ని గ్యాసు, అజీర్తి శాఖల్లోని చిరుద్యోగులుగానే జమకట్టాము. మీ జనాభా సుమారు 38 లక్షల కోట్లనీ, అందరినీ కలిపి తూచినా 200 గ్రాములకు మించరనీ 2016లో అంచనా వెలువడినప్పుడు కూడా, పైఅంతస్తులో 1,400 గ్రాముల మెదడు ఉండగా కిందివారి మాట ఎవరు వింటారులే అనుకున్నాము. ఇప్పుడేమో ముసలివారి ఎమ్మారై స్కానులో, జ్ఞాపకాలను చూసుకునే హిప్పోక్యాంపస్ కాస్త కుంచించుకుపోయి కనిపిస్తే, అనుమానితుల జాబితాలో మీ పేరు కూడా చేరుస్తున్నారు.

ఉరుము ఉరిమి మంగళం మీద పడడమంటే ఇదే. స్కానునూ మలపరీక్షనూ పక్కపక్కన పెట్టి చూసినంత మాత్రాన ఎవరు ఎవరిని చెడగొట్టారో తేలదు. మతిమరుపు ముదిరి, వంట మానేసి, టీ బిస్కెట్లతో పూట గడుపుకునే మనిషి ఇంట్లో ముందుగా పస్తులుండేది మీరే కదా! ఐర్లండులోని కార్క్ పరిశోధకులు 178 మంది వృద్ధులను పరిశీలించి 2012లో ప్రకటించిన ఫలితాలు మీ తరఫు సాక్ష్యమే. సంరక్షణ గృహాల్లో చేరినవారి తిండి నెల తిరిగేసరికే మారిపోగా, మీ కూర్పు స్పష్టంగా మారడానికి ఏడాది పట్టింది. జీతం ఆపేశాక ఏడాదిపాటు కొలువు విడవని సిబ్బందిని నేనైతే ఏ కార్యాలయంలోనూ చూడలేదు.

అలాగని మీరు శుద్ధ అమాయకులనీ అనను. మీరు పీచును పులియబెట్టి తీసే బ్యూటిరేట్ పేగు గోడను పోషిస్తుంది. పేగు నుంచి మెదడుకు వెళ్లే వేగస్ నాడిలోనేమో కిందికి వచ్చే ఆజ్ఞలకంటే పైకి వెళ్లే అర్జీలే ఎక్కువ. 2021లో అదే కార్క్ నగరంలో పడుచు ఎలుకల మలంలోని మీ బంధువులను ముసలి ఎలుకలకు ఎక్కిస్తే, వాటి హిప్పోక్యాంపస్‌లో వయసు తెచ్చిన మార్పులు కొన్ని వెనక్కు తగ్గాయి. ఆ ఎలుకల కీర్తిని తాతగార్ల ఖాతాలో వేసి, మీ బొమ్మ ముద్రించిన సీసాలు అమ్ముకునే వ్యాపారులు మీకు వాటా ఏమైనా ఇస్తున్నారా?

మనుషుల లెక్క ఇంతకంటే పొదుపుగా ఉంది. లండన్ కింగ్స్ కాలేజీవారు అరవై దాటిన 36 జతల కవలలను తీసుకుని, ప్రతి జతలో ఒకరికి 12 వారాలు పీచుపొడి, మరొకరికి ఉత్తుత్తి పొడి ఇచ్చారు; వ్యాయామం, ప్రోటీను ఇద్దరికీ సమానమే. 2024లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, పీచు తిన్నవారు జ్ఞాపకశక్తి పరీక్షలో తక్కువ తప్పులు చేశారు. కుర్చీలోంచి లేచే వేగం మాత్రం ఇద్దరిదీ ఒకటే. కావున, రేపటి నుంచి పొట్టుతీయని పప్పు, జొన్నరొట్టె క్రమం తప్పక పంపగలవాడను. మోకాళ్ల విషయమై అర్జీ ఎవరికి పెట్టుకోవాలో దయచేసి తెలియజేయవలెను.

ఇట్లు,
మీ పైఅంతస్తు తరఫున,
గృహయజమాని