డే కేర్ వెతుకులాటలో ఆయమ్మ గురించి అడిగేవారేరి?

హైదరాబాద్‌లోని మాదాపూర్, కొండాపూర్, మణికొండ ప్రాంతాల్లో చంటిబిడ్డను డే కేర్‌లో చేర్చాలనుకునే దంపతులు ముందుగా ఆరా తీసేది సీసీ కెమెరా దృశ్యాలు తమ ఫోన్‌లో కనిపిస్తాయా, గదిలో ఏసీ ఉందా, ఏ సిలబస్ అనుసరిస్తారు అన్న విషయాలనే. తొమ్మిది నెలల బిడ్డకు సిలబస్ ఏమిటన్న సంగతి అలా ఉంచితే, రోజంతా ఆ బిడ్డను ఎత్తుకుని, తినిపించి, నిద్రపుచ్చే ఆయమ్మ అక్కడ ఎంతకాలంగా పనిచేస్తోంది, ఆమె ఒక్కతే ఎంతమంది పిల్లలను చూస్తోంది అని అడిగేవారు తక్కువ. డే కేర్ మంచిచెడ్డలు ప్రధానంగా తేలేది ఈ రెండు ప్రశ్నల దగ్గరేనని నా అభిప్రాయం.

2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి మొదటి రెండు కాన్పులకు వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచారు. అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకునే వీలుంది కనుక, చాలామంది తల్లులకు బిడ్డ ఐదో ఆరో నెలలో ఉండగానే సెలవు తీరిపోతుంది. అన్నప్రాశన జరిగి, తల్లిపాలకు తోడు ఉగ్గు, మెత్తటి పప్పన్నం అలవాటు చేసేదీ దాదాపు అప్పుడే. ఆ తర్వాత రెండు మూడు నెలలకే కొత్త ముఖం కనబడితే బెదిరి ఏడ్చే దశ వస్తుంది. ఇన్ని మార్పులు ఒకదానిమీదొకటి వచ్చిపడే కాలంలో బిడ్డకు మారకుండా ఉండవలసింది చూసుకునే మనిషి. నిర్వాహకులు భారీ ఫీజు వసూలు చేసి ఆయమ్మకు అరకొర జీతం ఇస్తే ఆమె నాలుగు నెలలకే మరోచోటికి వెళ్లిపోతుంది. బిడ్డ మళ్లీ కొత్త చేతుల్లో పడుతుంది. అందుకే ఆమె జీతమెంతని అడగడం మర్యాద తప్పడమేమీ కాదు. తన పిల్లలకు జ్వరం వచ్చి ఆమె రాలేని రోజున, లేదా దసరాకో సంక్రాంతికో ఊరెళ్లినప్పుడు ఎవరు చూస్తారన్నదీ అడిగి తీరాలి.

యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు కల్పించాలనీ అదే సవరణ చెప్పింది. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ సౌకర్యాల గురించి రాతపూర్వకంగా తెలియజేయాలని కూడా ఉంది. సెలవులో వెళ్లేముందే హెచ్‌ఆర్‌ను నిలదీయవలసిన విషయమిది. పాలు తాగే బిడ్డకు ఆఫీసు పక్కనున్న కేంద్రమే మేలు. ఏడాది దాటాక మాత్రం నిజాంపేట నుంచి గచ్చిబౌలి దాకా పసివాణ్ని ట్రాఫిక్‌లో తిప్పడంకన్నా ఇంటి దగ్గరి చోటే నయం. అయితే అమెరికా క్లయింటుతో సాయంత్రం కాల్స్ ఉండే ఇళ్లలో, డే కేర్ మూసే వేళకు ఎవరు వెళ్తారన్నది ముందే తేల్చుకోకపోతే ఏ చోటు ఎంచుకున్నా ఇబ్బందే.

అమ్మమ్మో నానమ్మో ఉంటే ఈ బెడద లేదనుకుంటాం. కానీ ఈ నగరంలో చాలామంది అమ్మమ్మలు అమెరికాలో ఉన్న రెండో కూతురి కాన్పుకూ వెళ్లవలసినవారే. అంగన్‌వాడీ ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల కోసమే అయినా, మూడేళ్లలోపు వారికి ప్రధానంగా బాలామృతం అనే పోషకాహార పొడిని ఇంటికిచ్చి పంపుతుంది. పనివేళల్లో బిడ్డను అట్టిపెట్టుకునే ఏర్పాటు మామూలుగా అక్కడ ఉండదు.

కనుక వెతుకులాట కాన్పుకు ముందే మొదలుపెట్టి, సెలవులోని చివరి రెండు వారాలను అలవాటుకు కేటాయించుకోవాలి. మొదట తల్లి పక్కనే ఉండగా ఓ గంట, తర్వాత పూట, ఆపైన రోజంతా. చెప్పకుండా ఒక మధ్యాహ్నం వెళ్లి చూడండి. తల్లిదండ్రులను గేటు దగ్గరే నిలిపేసే చోటికి రెండోసారి వెళ్లనక్కరలేదు. టీకాల కార్డు, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, బిడ్డను ఎవరి చేతికి అప్పగించవచ్చు అన్నవి కాగితం మీద ఉండాలి. చేరిన మొదటి నెలల్లో జలుబు, దగ్గు తరచూ తగులుకుంటాయి. ప్రైవేటు ఉద్యోగంలోని తండ్రికి చట్టం ప్రత్యేక సెలవేదీ ఇవ్వలేదు కాబట్టి, ఆయన తన మామూలు సెలవుల్లో కొన్నింటిని ఆ రోజులకోసం ఇప్పటినుంచే మిగుల్చుకోవాలి.