60 సెకన్ల స్క్రీన్ షేర్

సర్వర్ అప్‌గ్రేడ్ శనివారం అయిపోయింది. దానిమీద నడిచే ఉబుంటు 20.04 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మామూలు సపోర్టు 2025 మేలోనే ఆగిపోయింది కాబట్టి చేయాల్సిందే, కాదనను. సోమవారం పొద్దున టీమ్ కాల్‌లో మేనేజర్ మేడమ్ "ఆ కాన్ఫిగ్ ఫైల్ ఒకసారి చూపిస్తారా?" అన్నారు. దానికేం భాగ్యం! స్క్రీన్ షేర్ పెట్టి, నేను వాడే ఈమాక్స్ ఎడిటర్‌లో సర్వర్ పేరు, ఫైల్ పేరు కొట్టి ఎంటర్ నొక్కాను.

నా ల్యాప్‌టాప్‌లో ఈమాక్స్ ఉత్త ఎడిటర్ కాదు. ఈఎక్స్‌డబ్ల్యూఎం అని ఒకటుంది, అది పెట్టుకుంటే తెరమీది విండోలన్నిటికీ ఈమాక్సే పెద్దదిక్కు. బ్రౌజర్ ముందుకు రావాలన్నా దాని అనుమతి కావాలి. దొరికిన ప్రతి జూనియర్‌నీ కూర్చోబెట్టి ఈ వైభవం వర్ణించేవాణ్ణి. ఒక్క సంగతి మాత్రం వర్ణనలో రాదు: ఈమాక్స్ ఎక్కడైనా ఇరుక్కుందంటే ఇల్లంతా ఇరుక్కున్నట్టే.

ఇరుక్కుంది. ఈమాక్స్‌లో రిమోట్ ఫైళ్లు తెచ్చిపెట్టే భాగం ట్రాంప్. అది రిమోట్ షెల్ (సర్వర్‌లో కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్) ప్రాంప్ట్ కోసం, అంటే "ఇక కమాండ్ కొట్టు" అని అది చూపే గుర్తు కోసం చూస్తున్నానని అడుగున ఒక లైను వేసి నిలబడిపోయింది. మీటింగ్ విండో వెనకాల ఎక్కడో ఉంది. షేర్ ఆపాలన్నా, మ్యూట్ నొక్కాలన్నా అది ముందుకు రావాలి. రావాలంటే ఈమాక్స్ కదలాలి. చేస్తున్న పని ఆపమని ఈమాక్స్‌కి చెప్పే కంట్రోల్-జి కొట్టాను. ఒక్కోసారి వింటుంది, ఈసారి వినలేదు.

అంతవరకూ ఫరవాలేదు. తెర కుడి సగం ఖాళీ. ఎడమ సగంలో మాత్రం నేను పొద్దున్నే రాసుకున్న పనుల జాబితా, పెద్దక్షరాల్లో, కంటికి ఇంపైన రంగుల్లో:

మేడమ్ కాల్ – ఊ కొట్టాలి, మధ్యలో ఒక ప్రశ్న అడగాలి
దోసె పిండి, పెద్ద ప్యాకెట్
అడ్మిన్‌ని మళ్లీ అడగాలి (దండగ)
బావకి ఫోన్ – అప్పు సంగతి ఎత్తకూడదు

అడ్మిన్ కూడా కాల్‌లోనే ఉన్నాడు.

ట్రాంప్ కనెక్షన్ కోసం ఎంతసేపు ఆగాలో ఒక సెట్టింగ్ ఉంటుంది. మనం ముట్టుకోకపోతే 60 సెకన్లు. రాసినవాళ్లు మంచి మనసుతోనే పెట్టి ఉంటారు, పాపం దూరపు సర్వర్, మెల్లగా వస్తుందిలే అని. కానీ నాలుగు లైన్లు చదవడానికి 60 సెకన్లు చాలా ఎక్కువ. చదవొచ్చు, అర్థం చేసుకోవచ్చు, పక్కవాళ్లకి చెప్పొచ్చు, బ్రాకెట్లో "దండగ" అన్నది అడ్మిన్ గురించా, అడగడం గురించా అని చర్చించుకోవచ్చు.

"అన్నా, నీ స్క్రీన్ ఫ్రీజ్ అయినట్టుంది" అన్నాడొక జూనియర్.

"లేదు, లోడవుతోంది" అన్నాను.

మళ్లీ నిశ్శబ్దం. ఎవరో దగ్గారు. దగ్గులో నవ్వు కలిసింది. అప్పుడు మేడమ్ చాలా మర్యాదగా, "ఆ మధ్యలో అడగాల్సిన ప్రశ్న అడిగేశారా, ఇంకా ఉందా?" అన్నారు.

60 సెకన్లూ నిండాక ట్రాంప్ చేతులెత్తేసింది. కనెక్ట్ కాలేకపోయాను, ఇలా పదే పదే జరిగితే ఫలానా కమాండ్ కొట్టి చూడండి అని సలహా కూడా ఇచ్చింది. పదే పదే అట!

మధ్యాహ్నం లాగ్ తీస్తే తేలింది. ట్రాంప్‌కి కావాల్సింది చాలా తక్కువ. లాగిన్ అయ్యాక $, #, %, > లాంటి గుర్తుతో ముగిసే లైను ఒకటి కనబడితే చాలు, ఆ షెల్‌ని పక్కన పెట్టి తన సొంత షెల్ తెరుచుకుంటుంది. మా అడ్మిన్ అప్‌గ్రేడ్‌తో పాటు అందరికీ జెడ్‌షెల్ అనే ఇంకో రకం షెల్ పెట్టి, ప్రాంప్ట్‌కి టైము, సర్వర్ పేరు, ఒక రాకెట్ బొమ్మ, చివర ❯ అనే సోకుల బాణం తగిలించాడు. చూడ్డానికి > లాగే ఉంటుంది. ట్రాంప్ లెక్కలో కాదు. పైగా ట్రాంప్ లోపలికి వచ్చేటప్పుడే టెర్మినల్ (కమాండ్లు కొట్టే తెర) రకం "డంబ్" అని చెప్పుకునే వస్తుంది, నాకు అలంకారాలు వద్దు మహాప్రభో అని. ఆ మాట వినిపించుకునే లైను ఒక్కటి రాసి ఉంటే సరిపోయేది.

అడ్మిన్‌ని అడిగితే "నాకు పనిచేస్తోంది బ్రో" అన్నాడు. టెర్మినల్‌లోంచి లాగిన్ అయితే ఎవరికైనా పనిచేస్తుంది.

నా జెడ్‌షెల్ సెట్టింగుల ఫైల్ చివర నేనే రాసుకున్నాను: టెర్మినల్ డంబ్ అయితే ప్రాంప్ట్ ఉత్త డాలర్. ట్రాంప్ వెంటనే లోపలికి వెళ్లింది. ఇదే అందరికీ పెట్టమని టికెట్ వేశాను. సాయంత్రానికి అడ్మిన్ దాన్ని మూసేశాడు. కారణం దగ్గర "దండగ" అని రాశాడు.

మళ్లీ తెరిచాను.